కదలని ముల్లు

వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడుకి పక్క గదిలో దుప్పటి మడత పెడుతున్న ఆమె చేతులు ఆగాయి. అది జారిపడ్డ గిన్నె కాదు, పడేసిన గిన్నె. ఆడపడుచు ఇంట్లో రెండు నెలలుగా తలదాచుకుంటున్న మనిషికి ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు.

"సొంత తమ్ముడని తెచ్చి నెత్తిన పెట్టుకున్నాను," వదిన గొంతు గోడ దాటి వచ్చింది. "తిన్న ఇంటి వాసాలు లెక్కపెడతాడని కలగన్నానా!"

నిన్న సాయంత్రం మొదలైన గొడవ అది. రాత్రి అందరితో పాటు పడుకుని, పొద్దున్నే అందరికంటే ముందు లేచింది.

ఆమె దుప్పటి పెట్టె మీద పడేసి ముందు గదిలోకి వచ్చింది. వదిన మొగుడు కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. పనివాళ్లంతా అతన్ని కాంట్రాక్టరుగారంటారు. ఆమె మాత్రం వరస ప్రకారం అన్నయ్యగారనాలి. ఇనుప చువ్వలు కట్టే సన్న తీగముక్కతో పళ్లు కుట్టుకుంటున్నాడు. తీగ కొసకి వచ్చినదాన్ని వెలుతురుకి ఎత్తి ఒకసారి పరీక్షగా చూసి, మళ్లీ నోట్లోనే పెట్టుకున్నాడు. ఆమె చూపు తిప్పుకుంది. అన్నయ్యా అని పిలిచిన నోటితోనే ఛీ అనలేక రెండు నెలలుగా మింగుతూ వస్తోంది.

ఎదురుగా గోడకి ఆనుకుని నేలమీద ఆమె మొగుడు. నిన్న మధ్యాహ్నం నుంచి మెతుకు ముట్టలేదు. పక్కన పనిముట్ల సంచి. దాన్ని పిల్లాణ్ణి పట్టుకున్నట్టు ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఒక్క మాట చెప్పు బావమరిదీ," అన్నాడు కాంట్రాక్టరు. "ముల్లు నిలబడిందా, లేదా?"

"నిలబడింది."

"మరి సంతకానికేం రోగం?"

"నిలబడింది గనకే పెట్టను బావా. అలా నిలబడకూడదు."

"వినవే, నీ తమ్ముడి మాటలు విను!" వంటింటి వైపు తిరిగి అరిచాడు. "ముల్లు పడిపోతే తప్పు, నిలబడితే ఇంకా పెద్ద తప్పు!"

గొడవంతా ఒక కాగితం గురించి. కడుతున్న ఇళ్లలో ఐదో అంతస్తు స్నానాలగది గోడలో నీళ్ల గొట్టాలు పరిచి, పైన సిమెంటు పూసేశారు. ఆ పని వీళ్లు రాకముందు వేరే ముఠా చేసి చేతులు దులుపుకుపోయింది. ఆ గొట్టాల్లోకి ఒత్తిడితో నీళ్లెక్కించి, కుళాయి వచ్చే చోట ఒత్తిడి చూపే గేజి బిగించి, ఒక పగలంతా దాని ముల్లు కిందికి పడకుండా ఉంటే గొట్టాలు బాగున్నట్టు. అలా ఉందని ప్లంబరు రాసి సంతకం పెట్టాలి. ఆ ప్లంబరు ఆమె మొగుడు. ఆయన పెట్టనన్నాడు.

"పొద్దున ఆ గోడ చల్లగా ఉంటుంది," ఆయన నెమ్మదిగా అన్నాడు. నిన్నటి నుంచి ఇదే మాట నాలుగోసారి చెప్పడం. "మధ్యాహ్నం ఎండ తగుల్తుంది. లోపల నీళ్లుంటే ముల్లు వెంట్రుకవాసైనా కదలాలి. ఇది రెండ్రోజులుగా పది మీదే మేకు కొట్టినట్టుంది. మేకెవరు కొట్టారా అని వంగి చూశాను. గేజి కిందున్న వాల్వు పిడి అడ్డంగా ఉంది."

పిడి గొట్టం వెంట ఉంటే దారి తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. అడ్డంగా పెట్టి పంపు కొడితే, జానెడు ముక్కలోనే నీళ్లు బిగుసుకుని ముల్లు పది చూపిస్తుంది. అవతల గోడలో గొట్టం మొత్తం చిల్లులు పడ్డా దానికి పట్టదు.

"తెరిచి మళ్లీ పంపు కొట్టాను," అన్నాడాయన. "టీ తాగొచ్చేసరికి సున్నా. గోడ చెక్కాలి బావా. ఏ అతుకు కారుతోందో చూడాలి."

"ఒకటి చెక్కితే పదహారూ చెక్కాలిరా! ఆ దరిద్రులే పదహారు గదులూ అతికిచ్చి పోయారు."

 కాంట్రాక్టరు నాలిక కరుచుకున్నాడు గానీ, అప్పటికే మాట బయటపడిపోయింది. అతనికి అన్నీ తెలుసు. పదహారు కుటుంబాలు వచ్చి కాపురముంటాయనీ తెలుసు, గోడలు చెమ్మెక్కి బూజు పడతాయనీ తెలుసు.

వదిన గరిటె పట్టుకునే వచ్చింది. "అక్కడ మూడు నెలలు సంచి భుజానేసుకుని గుమ్మం గుమ్మం తిరిగావు. ఒక్కడు పిలిచాడా? ఇక్కడ చేతిపని వచ్చినవాళ్లకి కరువుగా ఉంది, రండిరా అని పిలిచింది ఎవరు? ఇల్లు ఖాళీ చేసి వచ్చారు కదా, వెనక్కి పోతే ఏ చెట్టు కింద దిగుతారు?"

"అక్కా, అది కాదు..."

"ఏది కాదు? ఇంత చదివింది లేదు గానీ ఎండట, చలట, వెంట్రుకట!"

కాంట్రాక్టరు తీగముక్క చొక్కా జేబులో దాచుకుని లేచాడు. "రేపు పొద్దున ఇంజనీరమ్మ వస్తుంది. అప్పటికి కాగితం మీద సంతకం ఉండాలి. లేకపోతే ఎల్లుండి మీ పెట్టె మెట్ల మీద ఉంటుంది. నేను చెడ్డవాణ్ణి అనుకున్నా సరే." తర్వాత ఆమె వైపు తిరిగాడు. గొంతులో ఎక్కడలేని వెన్న పూసుకున్నాడు. "చెల్లెమ్మా, నీ గది ఎందాకా వచ్చింది?"

"మూడు గోడలయ్యాయి అన్నయ్యగారూ. ఒకటుంది."

ఏదని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె టైల్స్ వేస్తున్నది ఆ స్నానాలగదికే. మిగిలింది గేజి ఉన్న గోడే.

"ఆ గోడ ముట్టుకోకు," అన్నాడు ఆమె మొగుడు, తలెత్తకుండానే.

నలుగురి ముందూ అలా అనడం ఆమెకి నచ్చలేదు. అన్న మాటలో న్యాయముందని తెలియడం మరీ నచ్చలేదు.

* * *

ఐదో అంతస్తు ఎక్కేసరికి మోకాళ్లు కీచుమన్నాయి. టైల్స్ వేసేవాళ్లకి ముందు పోయేవి మోకాళ్లే.

గదిలో అడుగు పెట్టగానే ముక్కు మూసుకుంది. ఎవడో మహానుభావుడు రాత్రికి రాత్రి మూల పాడుచేసి పోయాడు. కింద పనివాళ్లకి మరుగుదొడ్డి ఉంది. అయినా ఐదంతస్తులు దిగడానికి బద్ధకం. ఎదటివాడు కడిగే నేలని పాడుచేయడానికి మాత్రం ఎవరికీ బద్ధకం ఉండదు. ఆమె చెంగు ముక్కుకి కట్టుకుని, రెండు బకెట్ల నీళ్లు మోసి, ఆ మూల కడిగింది. కడుగుతున్నంతసేపూ ఆ మనిషిని తిట్టింది. తర్వాత కాంట్రాక్టరుని తిట్టింది. తర్వాత మొగుణ్ణి కూడా తిట్టింది, కాస్త తక్కువగా.

అయ్యాక నిలబడి మూడు గోడలూ చూసుకుంది.

ఆ మూడు గోడలూ ఆమె ఒంటిచేత్తో వేసినవి. దారం పట్టింది తనే, మట్టం చూసింది తనే, కట్టరు మీద కోసింది తనే. ఈ ప్రాంతంలో మేస్త్రి కార్డు లేనిదే మేస్త్రి కూలి ఇవ్వరు. కార్డు కావాలంటే ఒక గది మొత్తం మరొకరి చెయ్యి పడకుండా పూర్తిచేసి ఇంజనీరమ్మకి చూపించాలి. మొగుడికి వచ్చిన వారంలోనే ప్లంబరు కార్డు ఇచ్చేశారు. ఆమె మాత్రం ఇప్పటికీ కాగితాల్లో 'సాయం మనిషి'. ఇసుక మోసే ఆడవాళ్లే జాలిపడి, మేస్త్రమ్మా అని పిలుస్తున్నారు.

అక్కడ, పాతచోట, పన్నెండేళ్లు పనిచేసింది. పని నేర్పింది తండ్రి. "మొదటి టైలు అబద్ధమాడితే చివరి టైలు దాకా ఆడుతూనే ఉంటుందమ్మా," అనేవాడు. ఆయన పోయాక వేరే మేస్త్రీల దగ్గర చేసింది. పేరుకి సాయం మనిషి, వేసేది తను. ఇంటి యజమాని వచ్చి గోడ మీద చెయ్యి రాసి, "బాగుందయ్యా, ఎవరు వేశారు?" అనడిగితే, మేస్త్రి మీసం దువ్వుకుని "నేనే" అనేవాడు. ఆమె బకెట్ పట్టుకుని వెనకాల నిలబడేది. ఎన్ని వంటిళ్లు, ఎన్ని స్నానాలగదులు! ఒక్క గోడైనా ఆమెది కాలేదు.

"చూస్తూ కూర్చుంటే గోడ మూసుకోదు చెల్లెమ్మా."

కాంట్రాక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"ఆయన వద్దన్నారు కదా అన్నయ్యగారూ."

"వాడు వద్దంటాడు. వాడి కార్డు వాడి జేబులో ఉంది మరి!" అతను లోపలికి వచ్చి, ఆమె కడిగిన మూలలోనే ఉమ్మాడు. "గొట్టం సంగతి గొట్టంవాళ్లు చూసుకుంటారు, టైలు సంగతి టైలువాళ్లు చూసుకోవాలి. రేపు ఇంజనీరమ్మ వస్తే మూడు గోడలు చూపించి కార్డు అడుగుతావా? మళ్లీ ఆవిడ వచ్చేది ఆరు నెలలకి. అప్పటిదాకా ఎక్కడుంటావో ఏమో."

"గోడలో కారుతోందని మీకూ తెలుసుగా."

"నాకేం తెలీదు. నీకూ తెలీదు. గోడలో ఏముందో ఎవడికి తెలుసమ్మా? గోడంటేనే అది." తన మాటకి తనే నవ్వుకున్నాడు.

అతను వెళ్లిపోయాక ఆమె గేజి దగ్గరికి వెళ్లింది. ముల్లు మళ్లీ పది మీద ఉంది. ఎవరో పిడి మూసి మళ్లీ పంపు కొట్టారు. కిందున్న పిడి కనబడకుండా దానికో తడిగుడ్డ చుట్టి, తీగతో బిగించారు. గుడ్డ నీలంరంగుది. ఆమెదే. మొగుడి పాత చొక్కా చింపి, టైల్స్ మధ్య సందులు తుడవడానికి పెట్టుకున్న గుడ్డ. ఆమె బకెట్లోంచే తీసి, ఆమె గోడ మీదే కట్టారు.

ఊడదీయాలని చెయ్యి వెళ్లింది. వెళ్లిన చెయ్యి ఆగింది.

ఊడదీస్తే ఏమవుతుంది? పెట్టె మెట్ల మీదకి వస్తుంది. మళ్లీ సామాను బండి, మళ్లీ కొత్త ఊరు, మళ్లీ ఎవడి వెనకో బకెట్ పట్టుకుని నిలబడడం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యిలో నీళ్లయినా ఉంటాయనుకుంది.

జిగురు సిమెంటు కలిపింది.

మొదటి వరస పెట్టేటప్పుడు రెండుసార్లు గుమ్మం వైపు చూసింది. రెండో వరసకి చూడలేదు. మూడో వరసకి పని ఆమెని పట్టేసుకుంది. వెనక పూత సమంగా, నాలుగు మూలలా నిండుగా, రబ్బరు సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు, మట్టం, మళ్లీ ఇంకొకటి. గేజి చుట్టూ పట్టే టైలుకి గుండ్రటి కంత కోయాలి. ఇలాంటిది కోస్తే పదింటికి నాలుగు పగులుతాయి. ఆరోజు ఒక్కటీ పగల్లేదు. చేతులు అంత బాగా ఎప్పుడూ మాట వినలేదు.

దానికే ఆమెకి అసహ్యమేసింది. దొంగపనికి ఇంత నేర్పు ఎక్కడినుంచి వచ్చిందని తన చేతులకేసి చూసుకుంది. రోత పుడుతున్నది మనసుకే, చేతులకి పుట్టడం లేదు. అవి హాయిగా పనిచేసుకుపోతున్నాయి.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి గోడ మీద పడింది. ఆమె ఓరకంట గేజి చూసింది. ముల్లు కదల్లేదు.

పొద్దు వాలేసరికి నాలుగో గోడ పూర్తయింది.

* * *

ఇంటికొచ్చి పెరటి కుళాయి కింద చేతులు ఎంత రుద్దినా గోళ్లలో తెల్లటి సిమెంటు పోలేదు. తుడుచుకుంటూ తిరిగితే గుమ్మంలో మొగుడు ఉన్నాడు. చేతులకేసే చూస్తున్నాడు.

"ఎన్ని వరసలు?" అనడిగాడు.

"అన్నీ."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.  అరిస్తే బాగుండునని ఆమెకి అనిపించింది. అరిచే మొగుడితో దెబ్బలాడవచ్చు.

"పైన పటారం, లోన లొటారం," అన్నాడు చివరికి.

ఆ మాటతో ఆమె భగ్గుమంది. "అను! నీకేం, అంటావు. నిజం చెప్పడానికి నీ దగ్గర కార్డుంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట ప్లంబరంటారు. నన్నెవరంటారు? నేను పట్టుకున్న బకెట్‌కున్న మర్యాద నాకుందా?"

"అది కాదే..."

"నువ్వూ ఆ మేస్త్రీల్లాంటివాడివే! వాళ్లు నా గోడ తమదన్నారు. నువ్వు నా గోడ ముట్టుకోవద్దన్నావు. నలుగురి ముందర, ఒక్క మాట నన్ను అడక్కుండా. అదే గదిలో నేనూ నిలబడి ఉన్నాను కదా!"

వంటింటి కిటికీలో వదిన తల కనబడి మాయమైంది. ఆమె గొంతు తగ్గించింది. తగ్గిస్తే ఏడుపొచ్చింది.

"కారుతుందని తెలుసు. తెలిసే మూశాను. పొద్దుట్నుంచీ నా మొహాన నేనే ఉమ్మేసుకుంటున్నాను. నువ్వూ ఒకసారి ఉమ్మెయ్, తీరిపోతుంది."

ఆయన లేచి వచ్చి, ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని, గోళ్లు ఒక్కొక్కటే చూశాడు.

"బాగా వచ్చిందా?" అనడిగాడు.

ఆమెకి ముందు అర్థం కాలేదు.

"గోడ. బాగా వచ్చిందా?"

"వచ్చింది."

"మూలలు?"

"కలిశాయి. కంత కూడా ఒక్కసారికే కుదిరింది."

"ఒక్కసారికే?" ఆయన మొహంలో చిన్న నవ్వులాంటిది కదిలి పోయింది. "మీ నాన్న ఉంటే బాగుండేది."

అంతే అన్నాడు. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లాడు. ఆమె లోపలికి వచ్చి కిటికీలోంచి చూస్తే, ఆయన వీధి మలుపులో కాంట్రాక్టరు బండి దగ్గర నిలబడి ఏదో మాట్లాడుతున్నాడు. కాంట్రాక్టరు ఆయన భుజం మీద చరిచాడు. ఎగతాళి చేస్తున్నాడు కాబోలనుకుంది.

తిరిగొచ్చి, "అన్నం పెట్టు," అన్నాడాయన. కోపం తగ్గిందనుకుని ఆమె గబగబా వడ్డించింది. ఆయన గోడ వైపు తిరిగి, చేదుమందు మింగినట్టు ఒక్కో ముద్దా మింగాడు. కంచం కడిగి బోర్లించి, చేతులు మాత్రం మళ్లీ మళ్లీ కడుక్కున్నాడు.

* * *

మర్నాడు పొద్దున వదిన స్వయంగా టీ తెచ్చి ఇచ్చింది. చక్కెర దట్టంగా వేసింది.

"ఏం మరదలా, మొహం అలా పీక్కుపోయిందేం? ఇవాళ నీ రోజు కదా! కార్డు రానీ, నాకూ నీచేత వంటింట్లో టైల్స్ వేయించుకుంటాను."

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. నిన్న గిన్నెలు విసిరిన చెయ్యే ఇవాళ కప్పు అందిస్తోంది. గోడ మూసినందుకే ఈ మర్యాద అనుకుని ఆమె ఆ టీ తాగింది. 

తొమ్మిది గంటలకి ఇంజనీరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, కళ్లజోడు తాడుకి వేలాడుతోంది. పలకరింపులకి జవాబు చెప్పదు. చేతిలో ఒక నాణెం. దాంతో టైల్స్ తట్టుకుంటూ పోతుంది. వెనక సిమెంటు నిండుగా ఉంటే గట్టి చప్పుడు, బోలుగా ఉంటే డొల్ల చప్పుడు. ఆ నాణేనికి భయపడని మేస్త్రి లేడు.

గదిలో ఐదో మనిషికి చోటు లేదు. ఇంజనీరమ్మ మధ్యలో ఉంది, ఆవిడ వెనక ఫైలు పట్టుకుని కాంట్రాక్టరు నిలబడ్డాడు. గేజి పక్కన ఆమె, గుమ్మానికి ఆనుకుని నేల చూపులు చూస్తూ ఆమె మొగుడు.

మొదటి గోడ. టక్, టక్, టక్. రెండోది. మూడోది. ఎక్కడా డొల్ల పలకలేదు. నాలుగో గోడ దగ్గర ఇంజనీరమ్మ ఇంకా నెమ్మదిగా తట్టింది. గేజి చుట్టూ కోసిన కంత దగ్గర కళ్లజోడు పెట్టుకుని వంగింది. వేలు చుట్టూ తిప్పి చూసింది. ముల్లు వంక చూసింది. పది. తల ఆడించింది.

"ఇంత శుభ్రంగా కోసింది ఈ ఏడాదిలో చూడలేదు," అంది. "ఎవరు వేశారు?"

పన్నెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన ప్రశ్న అది. నాలిక మీద జవాబు తయారుగా ఉంది.

"మా చెల్లెలేనండీ!" కాంట్రాక్టరు ముందుకొచ్చాడు. "మా ఇంటి మనిషి. వాడు మా బావమరిది, గొట్టాలన్నీ వాడే చూస్తాడు. మా ఇంట్లో అందరిదీ ఒకటే పద్ధతండీ. పని దగ్గర నిజాయితీ. కాగితం కూడా తయారుగా ఉంది, చూడండి."

నిజాయితీ అన్న మాట తీగతో కుట్టుకునే ఆ పళ్ల మధ్యనుంచి వచ్చింది. ఆమెకి నిన్న కడిగిన మూల వాసన మళ్లీ ముక్కుకి తగిలింది.  ఈ గోడ నాదేనని ఇప్పుడంటే, అతనూ తనూ ఒకే ఇంటి మనుషులైపోతారు.

నీలంగుడ్డ కళ్లెదుటే ఉంది. మొగుడి వంక చూసింది. అప్పుడే ఆయన తలెత్తాడు. ఆమె చెయ్యి ఎటు వెళ్తోందో చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు, కొంచెమే, ఆమెకి మాత్రమే కనబడేట్టు.

నా కార్డు పోతుందని భయపడుతున్నాడు పాపం, అనుకుంది. మొదటిసారి మొగుడు ముద్దొచ్చాడు.

తీగ విప్పింది. గుడ్డ లాగి నేల మీద పడేసింది. అడ్డంగా ఉన్న పిడిని పట్టుకుని, గొట్టం వెంట తిప్పింది.

గోడలో ఎక్కడో నీళ్లు గుటక వేసిన చప్పుడు. ముల్లు ఒక్కసారి వణికి, పది నుంచి జారి, సున్నా మీద ఆగింది.

"నేనే వేశానండీ," అందామె.  "ఇంత బాగా ఎప్పుడూ వేయలేదు. లోపల కారుతోందని తెలిసే వేశాను. దీన్ని పగలగొట్టాలి. నేనే పగలగొడతాను."

ఇంజనీరమ్మ దగ్గరికి వచ్చింది. ముల్లుని చూసింది, పిడిని చూసింది, నేలమీది గుడ్డని చూసింది. తర్వాత కాంట్రాక్టరు వైపు చెయ్యి చాపింది.

కాంట్రాక్టరు మొహం పాలిపోతుందని ఆమె ఎదురుచూసింది. పాలిపోలేదు. ఒక్క క్షణం బిగుసుకుని, మరుక్షణంలో జాలిగా మారింది.

"అయ్యో, ఎంత పని జరిగిందండీ!" అన్నాడు. "గొట్టాల సంగతి నాకేం తెలుసు? కార్డున్న మనిషి పరీక్ష చేశానని రాసిస్తే నమ్మాను. సొంతవాడు కదా అని నమ్మాను. ఇదిగో కాగితం."

కార్డున్న మనిషా? ఆమెకి అర్థం కాలేదు. ఇంజనీరమ్మ భుజం మీదుగా మెడ చాచి చూసింది. కింద సంతకం ఉంది. చివర తోక కిందికి లాగి, దాని కింద రెండు చుక్కలు. పెళ్లయిన దగ్గర్నుంచి చూస్తున్న చుక్కలు. పక్కన నిన్నటి తేదీ.

వీధి మలుపు, భుజం మీద చరుపు, గోడ వైపు తిరిగి మింగిన అన్నం, మళ్లీ మళ్లీ కడుక్కున్న చేతులు. దట్టంగా చక్కెర వేసిన టీ. ఇప్పుడే ఊపిన తల.

తన గోడ కోసం పెట్టాడు. ప్రాణం పోయినా పెట్టనన్నవాడు, మూలలు కలిశాయా అని అడిగి వెళ్లి పెట్టాడు.

"పగలంతా పరీక్షించాను, ముల్లు కదల్లేదు," ఇంజనీరమ్మ పైకి చదివింది. "ఎవరు రాశారిది?"

"అది కాదండీ," ఆమె అడ్డుపడింది. "ఆయన కాదు, ఆయన మొన్ననే చెప్పారు, గోడ చెక్కాలని ఆయనే..."

"నేనే," అన్నాడు ఆమె మొగుడు.

గుమ్మం వదిలి రెండడుగులు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మీ కార్డు ఇలా ఇవ్వండి," అంది ఇంజనీరమ్మ.

ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. తెల్లటి కొత్త టైల్స్ వెనక నీళ్లు ఇంకా కారుతున్నాయి. ఆమె చెయ్యి ఆ పిడి మీదే ఉండిపోయింది.